48 కేబీ మెమరీలో బైక్ రేస్ గేమ్ ఎలా నడిచింది?

ఫుల్ థ్రాటిల్ అని 1984లో జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌కి వచ్చిన బ్రిటిష్ గేమ్ సంగతి చెప్తా, మైక్రోమెగా అనే కంపెనీ వాళ్ళది, రాసింది మెర్విన్ ఎస్ట్‌కోర్ట్, అంతకు ముందు ఏడాది 16 కేబీ మెషీన్‌లోనే డెత్‌చేజ్ అనే గేమ్ నడిపించిన మనిషి.

అసలు ఆ కంప్యూటర్‌కున్న 48 కేబీలో స్క్రీన్ బొమ్మకే 6,912 బైట్లు పోతాయి, ఇంక 3డి లెక్కలు కట్టే ఓపిక ఆ ప్రాసెసర్‌కి ఎక్కడిది. అందుకే ఆ రోజుల్లో ఇలాంటి గేముల్లో రోడ్డంటే అడ్డంగా పేర్చిన గీతలే, కింద వెడల్పు పైకి పోయేకొద్దీ సన్నం, ఒక్కో గీతని పక్క గీత కంటే కొంచెం కుడికో ఎడమకో జరుపుకుంటూ పోతే చాలు మలుపు వచ్చేసినట్టే ఉంటుంది. మీ బైక్ ఎక్కడికీ పోదు, స్క్రీన్ కింద అలాగే ఉండి వంగుతుంది అంతే, కదిలేదంతా రోడ్డే 😄

రంగులు మాత్రం పిసినారితనమే, 8×8 చుక్కల గడికి రెండే, అందుకే బైకులు దగ్గరకొస్తే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకునే ప్రమాదం. సిల్వర్‌స్టోన్ లాంటి నిజమైన ట్రాకులు పెట్టారు కానీ పోల్చుకోడానికి ఉండేది మలుపుల వరస ఒక్కటే, నాకైతే అదే చాలనిపిస్తుంది.