స్నానం చేయించినా కంపు పోవడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నాలుగేళ్ల ల్యాబ్రడార్. వారం వారం మేం వాడే షాంపూతోనే స్నానం చేయిస్తున్నాం. రెండు రోజులు తిరిగేసరికి మళ్లీ కంపు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే టెన్షన్‌గా ఉంటోంది. ఇంట్లోనే సరిగ్గా స్నానం చేయించడం ఎలా?

జవాబు: ముందు ఆ షాంపూ మానేయండమ్మా. మన చర్మం పీహెచ్ (పులుపు గుణం ఎంతో చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 దగ్గర ఉంటుంది, కుక్కది 7కి దగ్గరగా ఉంటుంది. మన షాంపూతో వారం వారం రుద్దితే ఒంటి మీది సహజమైన నూనె పోయి దురద మొదలవుతుంది. గోకిన చోట సూక్ష్మజీవులు చేరి కంపు ఇంకా పెరుగుతుంది. కుక్కల షాంపూ వాడండి. చర్మం బాగుంటే నెలకోసారి చాలు.

కంపు అంటూ నా దగ్గరికి తెచ్చిన ఏ కుక్కనైనా నేను మొదట ముక్కుతోనే పరీక్షిస్తాను. మీరూ అలాగే చూడండి. ల్యాబ్రడార్ చెవులు వాలి ఉంటాయి, లోపలికి గాలి సరిగా ఆడదు. చెవి ఎత్తితే ముక్కిపోయిన వాసన, గోధుమరంగు జిడ్డు ఉన్నాయా? నోట్లో పళ్లకు గార పట్టిందా? తోక కింద చేపల వాసన వస్తూ, పిర్రలు నేలకేసి రాసుకుంటోందా? వీటిలో ఏది ఉన్నా ఎన్ని స్నానాలు చేయించినా లాభం లేదు, వైద్యం కావాలి.

వాసన ఒళ్లంతా ఉంటే స్నానమే. తడపకముందే బాగా దువ్వండి. ల్యాబ్రడార్‌కి పైబొచ్చు కింద దట్టమైన మెత్తటి బొచ్చు ఇంకోటి ఉంటుంది, రాలిన వెంట్రుకలు అందులోనే చిక్కుకుంటాయి. కాళ్లు జారకుండా కింద గోనెపట్టా వేసి, గోరువెచ్చని నీళ్లు మెడ నుంచి వెనక్కి పోయండి. తల తడిస్తే వెంటనే విదిలించుకుంటుంది కాబట్టి దాన్ని చివరికి ఉంచి, ముఖం తడిగుడ్డతో తుడవండి. చెవుల్లోకి నీళ్లు పోనివ్వొద్దు. నురగ పోయింది అనుకున్నాక ఇంకోసారి కడగండి.

చాలామంది తొందరపడేది ఆరబెట్టే దగ్గరే. పైన పొడిగా తగిలినా లోపలి బొచ్చు తడిగానే ఉంటుంది, ఆ తడిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మీకు రెండు రోజులకే వాసన రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. తువ్వాలుతో అద్దుతూ, వేళ్లు బొచ్చు లోపలికి పోనిచ్చి చూడండి. కాలివేళ్ల సందులు మర్చిపోవద్దు. డ్రయ్యర్ వాడితే వేడి తక్కువలో పెట్టండి. పడుకునే దుప్పటీ, మెడపట్టీ కూడా అదే రోజు ఉతికేయండి.

ఇంత చేసినా వారంలోపే కంపు తిరిగొచ్చి, చర్మం ఎర్రగా, జిడ్డుగా కనిపిస్తే మళ్లీ స్నానం చేయించకుండా పశువైద్యులకు చూపించండి. మందు షాంపూ రాసిస్తే మామూలుగా నురగ పట్టించి 10 నిమిషాలు ఉంచాక కడగాలి. అంతసేపూ పక్కనే కూర్చుని కబుర్లు చెబుతూ ఉండండి, ఆ నురగ నాక్కోకూడదు.