ఎఫ్‌రెట్‌లో 0.6 వస్తే పెప్టైడ్ చివరల మధ్య దూరం 5 నానోమీటర్లేనా?

కడప నుంచి ఎమ్మెస్సీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: గ్లైసీన్-సెరీన్ పెప్టైడ్‌కు (పొట్టి అమైనో ఆమ్లాల గొలుసు) రెండు చివర్లా డైలు తగిలించి సింగిల్ మాలిక్యూల్ ఎఫ్‌రెట్ (డోనర్ అనే డై నుంచి అక్సెప్టర్ అనే డైకి చేరే శక్తిని ఒక్కో అణువులో కొలిచి దూరం అంచనా వేసే పద్ధతి) చేస్తే ఎఫిషియెన్సీ (అలా చేరే శక్తి వాటా) 0.6 వచ్చింది, ఆర్‌నాట్ (ఆ వాటా సగమయ్యే దూరం) 5.4 నానోమీటర్లు. దూరం 5 అని రాసేయొచ్చా?

లెక్క తప్పేం కాదు, ఫార్ములాలో వేస్తే 5.05 వస్తుంది. కానీ ఈ పెప్టైడ్‌కు ఫలానా దూరం అంటూ ఒకటి ఉండదు. గుంజకు కట్టేసిన మేక గుంజకు ఎంత దూరంలో ఉందంటే ఏం చెబుతాం?

పీహెచ్‌డీలో నేనూ ఇలాంటి పెప్టైడ్‌లతోనే కుస్తీ పట్టాను. కొత్తగా చేరినవాళ్లకు ఈ లెక్క వేసి చూపించేవాణ్ణి. చివరలు సగం సేపు 3, సగం సేపు 9 నానోమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. 3 దగ్గర ఎఫిషియెన్సీ 0.97, 9 దగ్గర 0.045. సగటు 0.51. దాన్ని మళ్లీ దూరంగా మారిస్తే 5.4 వస్తుంది. అసలు సగటు మాత్రం 6, పైగా ఆ అణువు 5.4 దగ్గర ఒక్క క్షణం కూడా లేదు! ఫార్ములాలో దూరానికి ఉన్న ఆరో ఘాతం చేసే పని ఇదంతా. దగ్గరగా ఉన్నప్పటి సిగ్నల్ దూరంగా ఉన్నప్పటి దాన్ని మింగేస్తుంది.

ఒక్కో అణువు ఎఫిషియెన్సీని లెక్కేసి గీసిన హిస్టోగ్రామ్‌లో పీక్ ఒకటే వచ్చిందని మోసపోకండి. మడత పడని గొలుసు వంద నానోసెకన్ల లోపే ఆకారం మార్చేసుకుంటుంది. అణువు లేజర్ గుండా పోవడానికి పట్టేది ఇంచుమించు ఒక మిల్లీసెకను. అంత సేపట్లో వచ్చిన ఫోటాన్లన్నీ కలిసి ఒకే అంకెగా తేలతాయి. ఆ పీక్ వెడల్పులో ఎక్కువ భాగం ఫోటాన్లు తక్కువ కావడం వల్ల వచ్చేదే, పెప్టైడ్ కదలిక కాదు.

కదలిక పట్టుబడేది డోనర్ లైఫ్‌టైమ్‌లో, అంటే లేజర్ తగిలాక డోనర్ సగటున ఎంతసేపు వెలుగుతుందన్న దాంట్లో. డోనర్ ఒంటరిగా 4 నానోసెకన్లు వెలిగితే, దూరం ఒక్కటే అయినప్పుడు 0.6 దగ్గర 1.6 రావాలి. అంతకంటే ఎక్కువ వస్తే దూరాలు పరుచుకుని ఉన్నట్టే. అప్పుడు గాసియన్ చెయిన్ (గొలుసు ఎటుపడితే అటు వంకర్లు తిరుగుతుందనుకునే లెక్క) లాంటి పాలిమర్ మోడల్ పెట్టి, ఆర్‌ఎంఎస్ దూరం (దూరాల వర్గాల సగటుకు వర్గమూలం) రాయండి, ఏ మోడలో కూడా చెప్పండి. డైలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో అనైసోట్రపీతో (వెలువడే కాంతి ధ్రువణం కొలతతో) చూసుకోకపోతే ఆర్‌నాట్‌నే నమ్మలేం.

సున్నా దగ్గర కనిపించే పీక్ సాగిపోయిన పెప్టైడ్ అనుకునేరు, చాలావరకు అది అక్సెప్టర్ లేని సరుకే. రెండు లేజర్లను మార్చి మార్చి కొడితే విడిపోతుంది. ఇంకో తలనొప్పి, పికోమోలార్ గాఢతలో పెప్టైడ్ గాజుకు అతుక్కుని, చూస్తుండగానే బర్స్ట్‌లు (ఒక్కో అణువు లేజర్ గుండా పోయినప్పుడు వచ్చే ఫోటాన్ల గుంపులు) పలచబడిపోతాయి. బఫర్‌లో ట్వీన్ 20 అనే డిటర్జెంట్ చిటికెడు కలిపితే మాకు ఆ గోల తగ్గింది.

నేనిప్పుడు అనంతపురంలో పాఠాలు చెబుతున్నాను, మా దగ్గర ఉన్నది మామూలు ఫ్లోరిమీటరే, అంటే ద్రావణం మొత్తం వెలుగును ఒకేసారి కొలిచే యంత్రం. దాంతోనూ చేయొచ్చు: 1967లో స్ట్రయర్, హౌగ్లాండ్ పాలీప్రోలీన్‌పై (ప్రోలీన్ అమైనో ఆమ్లాల గొలుసు) ఎఫ్‌రెట్‌ను కొలబద్దగా నిరూపించినప్పుడు సింగిల్ మాలిక్యూల్ పద్ధతి ఇంకా రానేలేదు. కాకపోతే అక్సెప్టర్ లేని అణువులూ సగటులో కలిసిపోతాయి, కాబట్టి లేబులింగ్ శాతం ముందే కొలిచిపెట్టుకోండి. పాలీప్రోలీన్ కూడా కర్రలా నిటారుగా ఉండదు, పొడవు పెరిగే కొద్దీ వంగుతుందని 2005లో సింగిల్ మాలిక్యూల్ కొలతల్లో తేలింది. కంట్రోల్‌గా వాడేట్టయితే పొట్టిదే తీసుకోండి.