గ్యాంగ్ క్వార్టర్స్‌కు వెళ్ళే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మన ఊళ్ళో పట్టాల పని చేసినవాళ్ళ చరిత్ర రాయడానికి ఈ వేసవిలో వస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. స్టేషన్ల గురించీ ఆవిరి ఇంజన్ల గురించీ రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, పట్టాలను బాగుచేస్తూ ఉండే గ్యాంగ్‌మన్ల గురించి రాయాలనే బుద్ధి మన ఇంట్లోనే, రోజూ పట్టాల వెంట నడిచి బిగింపులు సరిచూసే కీమన్‌గా రిటైరైన మీ తాతయ్య మనవరాలికే పుడుతుందని నేను అనుకోలేదు. చాలా గర్వంగా ఉంది. భయంగానూ ఉంది కాబట్టి ఆ సంగతే ముందు చెబుతాను.

ఫోటోల కోసం పట్టాల వెంట నడవకు. పక్క లైన్లో గూడ్సు వెళ్తుంటే ఆ మోతలో నీ వెనక వచ్చే బండి చప్పుడు చెవిన పడదు. జీవితమంతా పట్టాల మీదే గడిపిన మనుషులే అలా పోయారు, వాళ్ళ శవాల పక్కన నేను నిలబడ్డాను. అనుమతి లేకుండా లైన్‌లోకి వెళ్ళడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం కూడా. చూడవలసినవన్నీ గేటు బయట నిలబెట్టి నేనే చూపిస్తాను. ఈ ఒక్క విషయంలో నా మాట కాదంటే నేను మాట్లాడను, తల్లీ.

నోటు పుస్తకం, రికార్డరు, చార్జరు తెచ్చుకో. రాత్రి పెట్రోలింగ్ చేసేవాళ్ళు పగలు నిద్రపోతారు, వాళ్ళ తలుపు సాయంత్రం తట్టు.

తారీఖులు నీకు సులభంగానే దొరుకుతాయి. విజయవాడ నుంచి మద్రాసుకు లైను 1899లో కలిసింది. 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది. 1951లో సదరన్ రైల్వే, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే వచ్చాయి. అయితే ఈ పేర్లను బట్టి అధ్యాయాలు విడగొట్టవద్దని నా సలహా, ఎందుకంటే గ్యాంగ్‌లో పని మారింది పట్టా కింద అడ్డంగా ఉండే దిమ్మె, అంటే స్లీపరు, మారినప్పుడే. చెక్క స్లీపర్ల కాలంలో నలుగురు మనుషులు స్లీపరుకు ఇరుపక్కలా నిలబడి, ‘ఐలేసా’ అంటూ ఒకే తాళంలో బీటర్లనే పనిముట్లతో కంకరను దాని అడుగుకు కొట్టి బిగించేవాళ్ళు. పోత ఇనుప స్లీపర్లు వచ్చాక, పట్టాను వాటికి బిగించే కీలు కదిలిపోకుండా చూడటమే పెద్ద పని అయింది. కాంక్రీటు స్లీపర్లూ, ఎలాస్టిక్ క్లిప్పులూ, కంకర బిగించే ట్యాంపింగ్ యంత్రాలూ వచ్చాక బీటర్లు మూలపడ్డాయి, గ్యాంగ్‌లో మనుషులూ తగ్గారు. మీ తాతయ్య కీ మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, చప్పుడు విని ముందుకు నడిచేవారు: బిగువుగా ఉంటే ఖంగుమనేది, వదులైతే మొద్దుగా పలికేది. అది చెప్పించుకోవడం కాదు, పాత కీమన్ల చేతికి సుత్తి ఇచ్చి చేయించి చూడు. పట్టా విరిగితే ఏం చేసేవారని కూడా అడుగు. విరిగిన చోటు నుంచి 600 మీటర్ల దూరాన ఒక డిటొనేటరు (చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరించే టపాకాయలాంటిది), 1200 మీటర్ల దూరాన పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలనే నియమం వాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

ఇప్పుడు అసలు సంగతి. చాలా ఏళ్ళ కింద ఒకాయన, పేరు అనవసరం, ఒక ప్రత్యేక సంచిక కోసం కూలీల హాజరు పట్టీలైన పాత మస్టరు రోల్స్ తిరగేసి పట్టాల కూలీల మీద వ్యాసం రాశారు. మస్టరులో ఒక్కొక్క పేరు మూడు నాలుగు నెలలు కనిపించి, మాయమై, కొన్నాళ్ళకు మళ్ళీ కనిపించడం చూసి, వీళ్ళు కోతల కాలంలో పొలాలకు వెళ్ళిపోయే వలస కూలీలనీ, రైల్వేలో నిలకడగా పనిచేసే ఆసక్తి వీళ్ళకు లేదనీ తేల్చేశారు. అది చదివినప్పుడు నాకు కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. నేను ఆ హాజరు రాసే టైమ్‌కీపర్‌గా పనిచేసినవాణ్ణి, ఆ ఖాళీ గళ్ళ అర్థం నాకు తెలుసు. ఓపెన్ లైన్‌లో, అంటే బండ్లు నడుస్తున్న లైన్‌లో, క్యాజువల్ (రోజువారీ) కూలీ 120 రోజులు విరామం లేకుండా పనిచేస్తే అతనికి టెంపరరీ ఉద్యోగి హోదా వచ్చేది. అది రాకుండా చాలా చోట్ల ఆ గడువు నిండకముందే పేరు కొట్టేసి, కొన్ని రోజులు ఇంటికి పంపి, కొత్త మనిషిగా మళ్ళీ చేర్చుకునేవారు. ఆ ఖాళీ రోజుల్లో అతను ఏ పొలానికీ పోలేదు; మళ్ళీ ఎప్పుడు పిలుస్తారోనని ఆఫీసు గుమ్మం ముందు కూర్చున్నాడు. ప్రాజెక్టు పనుల్లోని క్యాజువల్ కార్మికులకు 360 రోజుల పని లెక్కన హోదా ఇచ్చే పథకాన్ని 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు సవరించి ఆమోదించాక, ఎందరో పనిచేసిన రోజులు రాసి ఉన్న పాత కార్డుల కోసం పెట్టెలు వెతుక్కున్నారు. వేలిముద్రలు చెరిగి, మడతల దగ్గర చిరిగిన కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి రేషన్ కార్డు పక్కన దాచుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ కార్డు పోగొట్టుకున్నవాళ్ళ మాటనూ కార్డు ఉన్నవాళ్ళ మాటంత శ్రద్ధగా రాసుకో. కాగితంలో ఖాళీ కనిపిస్తే, ఆ ఖాళీని ఎవరు పెట్టారో అడగకుండా ఒక్క వాక్యం కూడా రాయకు.

ఆడవాళ్ళతో విడిగా మాట్లాడు. 1974 మే 8 నుంచి 27 వరకు జరిగిన రైల్వే సమ్మె గురించి మగవాళ్ళు యూనియన్ మాటలు చెబుతారు. క్వార్టర్లు ఖాళీ చేయమన్న రోజుల్లో పిల్లలకు ఏం వండిపెట్టారో ఆడవాళ్ళు చెబుతారు. మీ నాయనమ్మ ఉండి ఉంటే నీకు ఇంకెవరూ అవసరమయ్యేవారు కాదు. ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే రికార్డరు ఆపెయ్యి. పేరు రాయవచ్చా అని ప్రతి ఒక్కరినీ అడుగు, కానీ రాయవచ్చన్నవాళ్ళ పేరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకు. ‘కొందరు కార్మికులు’ అని రాసేస్తే వాళ్ళను మళ్ళీ మస్టరు నుంచి కొట్టేసినట్టే.

ముందుగా మన పాత గ్యాంగ్ మేస్త్రీ గారిని కలుద్దాం. ఆయనకు ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చో. టికెట్టు తీసుకోగానే బండి పేరు చెప్పు, స్టేషన్‌కు నేను వస్తాను. ఓవర్ బ్రిడ్జి మీదుగానే దాటి రా.

ఇట్లు,
మీ పెదనాన్న