టేకాఫ్ మధ్యలో విమానాన్ని ఆపేస్తే అంత ప్రమాదమా?

రన్‌వే మీద పరుగెడుతున్న విమానాన్ని పైలట్ సడన్‌గా ఆపేశారని, అప్పటినుంచి విమానం ఎక్కాలంటేనే భయంగా ఉందని మీరు రాశారు. నాకూ ఒకసారి ఇలాగే జరిగింది.

రెక్క పక్క కిటికీ సీటు నాది. వేగం బాగా అందుకున్నాక ఇంజిన్ల హోరు ఒక్కసారిగా తగ్గింది. రెక్క మీది పలకలు నిలువుగా లేచాయి. ఒళ్లు ముందుకు తూలి బెల్టు పొట్టలోకి ఒత్తుకుపోయింది. ఆగాక ఎవరి నోటా మాట లేదు, ఏదో కాలిన వాసన. ఇంజిన్ రీడింగ్ తేడాగా ఉండి ఆపేశామని పైలట్ చెప్పారు. ఆ వాసన బ్రేకులదట.

ఆపడం ప్రమాదం కాదండీ, ప్రమాదం రాకుండా చూసుకోవడం. విమానం బరువు, రన్‌వే పొడవు, గాలి, ఎండ, తడి అన్నీ చూసి ప్రతి టేకాఫ్‌కీ వీ1 అనే వేగం ముందే లెక్కగడతారు. ఆ వేగం చేరేలోపు బ్రేకు వేస్తే మిగిలిన రన్‌వేలో విమానం ఆగుతుంది. అది దాటాక ఒక ఇంజిన్ పోయినా ఎగరడమే క్షేమం, మిగిలిన ఇంజిన్‌తో పైకి లేవగలదు. బ్రేకులు మరీ వేడెక్కితే చక్రాల్లోని ఫ్యూజ్ ప్లగ్‌లు కరిగి, టైర్లు పేలకుండా గాలి వదిలేస్తాయి. టైర్లు గాలి పోయి కనిపించినా కంగారు పడక్కర్లేదు.

నన్ను కలవరపెట్టేది ఆగిన తర్వాతి నిమిషాలే. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో ఒక బోయింగ్ 737 ఇంజిన్ టేకాఫ్ పరుగులోనే పగిలింది. దాని ముక్క తగిలి రెక్కలోని ఇంధన ట్యాంకుకు చిల్లుపడి మంటలు లేచాయి. పైలట్లు విమానాన్ని ఆపగలిగారు. అయినా 137 మందిలో 55 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగకే. ముందు తలుపుల దగ్గరి ఇరుకు దారిలో జనం ఇరుక్కుపోయారు.

మా విమానం ఆగీ ఆగగానే నా ముందు సీటాయన లేచి పైనున్న బ్యాగు లాగబోయారు. "కూర్చోండి!" అని సిబ్బంది గట్టిగా అరిచారు. నిజంగా మంటలుండి అందరూ అలా బ్యాగుల కోసం లేస్తే వెనకవాళ్లకు దారేది? దయచేసి సిబ్బంది చెప్పేదాకా కూర్చోండి, దిగమంటే బ్యాగు వదిలేసి దిగండి.

ఇప్పుడు నేను సీట్లో కూర్చోగానే ముందూ వెనకా తలుపులకు ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టుకుంటాను. విమానం పైకి లేచేదాకా బూట్లు విప్పను.