తిరగ్గొట్టడం ఆపి చర్చ పేజీ రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

వికీపీడియాలో నువ్వు రాసిన వ్యాసం బాగుంది. నాకు మండింది దాని చరిత్ర పేజీ, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే పేజీ, చూశాక. ఒకే వాక్యాన్ని నువ్వు పెట్టడం, ఇంకొకతను తీసెయ్యడం, మళ్ళీ నువ్వు పెట్టడం. పైగా మార్పుతోపాటు రాసే దిద్దుబాటు సారాంశంలో "చదువు రానివాళ్ళు దూరంగా ఉండండి" అని రాశావు. వ్యాసంలో ఎక్కడా లేని పదును అక్కడ చూపించావు!

ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి తిరగ్గొడితే, అంటే ఎదుటివాళ్ళ మార్పును రద్దు చేస్తే, ఇక మార్పులు చెయ్యకుండా నిరోధం పడొచ్చు. అలాగని మూడుసార్లు నీ హక్కనుకోకు. దిద్దుబాటు యుద్ధమని తోస్తే నిర్వాహకులు, అంటే నిరోధించే అధికారం ఉన్నవాళ్ళు, అంతకు ముందే ఆపేస్తారు. "నా వాక్యమే నిజం కదా" అంటే అక్కడ చెల్లదు.

అందుకే వ్యాసం ఇప్పుడు తప్పుగా ఉందని నీకనిపించినా అలాగే ఉండనియ్యి. నాలుగు రోజులుంటే కొంప మునగదు. బతికున్న మనిషి మీద ఆధారం లేని నింద అయితే వేరు, దాన్ని వెంటనే తియ్యాల్సిందే. నీది ఆ బాపతు కాదు. వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీకి వెళ్ళి ముందు ఎదుటివాడి వాదనను అతనికంటే బాగా రాయి. తర్వాత నీ మూలం పెట్టు, పేజీ నంబరుతో సహా. అలా రాస్తుంటేనే తెలుస్తుంది, చాలాసార్లు తగువు మీ ఇద్దరిదీ కాదు, మీరు చదివిన రెండు పుస్తకాలది. అప్పుడు ఏ పుస్తకం ఏమందో రెండూ వ్యాసంలో చెప్పొచ్చు. అయినా తేలకపోతే సంబంధం లేని మూడో మనిషిని అడుగు. స్నేహితులను పోగెయ్యకు. ఇంకో ఖాతా తెరిచి నిన్ను నువ్వే సమర్థించుకోకు.

యోగర్ట్ (పెరుగు) వ్యాసం పేరు స్పెల్లింగులో 'హెచ్' ఉండాలా వద్దా అని ఇంగ్లీషు వికీపీడియావాళ్ళు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. 2011లో గానీ తేలలేదు. నీకు నాలుగు రోజులకే టెన్షనా?

నా రోజుల్లో ఒక వారపత్రిక ఎడిటరు నా కథ ముగింపు కోసేసి, తన ముగింపు అతికించి అచ్చేశాడు. అడిగితే స్థలాభావం అన్నాడు. ఆయన ముగింపు నాదానికంటే పొడుగు! అసలు ప్రతి ఏమైందో ఎవరికీ తెలియదు. నీ వాక్యం అలా కాదు, ఎవరు ఎప్పుడు తీశారో సహా చరిత్రలో భద్రంగా ఉంది.

నీ మీద వికీపీడియా విధానాల పొట్టి పేర్లు విసిరినవాళ్ళనూ చూశాను. పాతకాపులకు ఈమధ్య అదో జబ్బు. ఆ విధానం తెరిచి చదువు, వాళ్ళు చెప్పిన మాట అందులో ఉండకపోవచ్చు.

నిర్వాహక హోదా గురించి ఇప్పుడు అడక్కు. ముందు చర్చ పేజీ రాసి లింకు పంపు.