లోపల బోలుగా ఉండే చెక్క సర్ఫ్‌బోర్డుకు గాలి రంధ్రం పెట్టాల్సిందేనా?

పెట్టాల్సిందే, ఎపాక్సీ (గట్టిపడే జిగురు పూత) ఎంత బాగా పట్టించినా, బోలు బోర్డుకు మరతో (స్క్రూతో) మూసుకునే చిన్న గాలి రంధ్రం లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు అతుకులు విచ్చుకుంటాయి.

కారణం లోపల చిక్కుకున్న గాలి. వేడెక్కితే అది వ్యాకోచిస్తుంది, జాగా దొరక్కపోతే పలకల్ని తోస్తుంది. నీడలో 30 డిగ్రీల దగ్గర బిగించిన బోర్డును మే నెలలో నల్లగొండ నుంచి కారు మీద కట్టి డిండి జలాశయానికి తీసుకెళ్తున్నారనుకోండి (అక్కడ అలలు లేవు, తెడ్డేసుకోవడానికే). లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే, పలకలు ఉబ్బకుండా ఆపినంతసేపు పీడనం సుమారు 10 శాతం పెరుగుతుంది. వినడానికి తక్కువే. చదరపు అడుగుకు లెక్కేస్తే మాత్రం 90 కిలోలకు పైగా బరువు లోపల్నుంచి నెట్టినట్టు! అదే వేడి బోర్డును చల్లటి నీళ్లలో దించగానే గాలి కుంచించుకుపోయి, వెంట్రుకవాసి పగులున్నా నీటిని లోపలికి పీలుస్తుంది. చెక్క కుళ్లేది ఆ తడితోనే.

"రంధ్రం పెడితే లోపలికి నీళ్లు పోవా?" అన్నది చాలామంది అపోహ. ఆ రంధ్రం ఒడ్డున తెరిచి ఉంచడానికి. నీళ్లలోకి దిగేముందు రబ్బరు వాషరున్న మరతో బిగించేస్తారు. మరిచిపోయేవాళ్లకు, గాలిని వదిలి నీటిని ఆపే పొర ఉన్న ప్లగ్గులూ వస్తున్నాయి. పైన వేసే వార్నిష్ ఎపాక్సీని ఎండ నుంచి కాపాడుతుంది, అంతే. ఎన్ని పూతలేసినా ఈ పీడనాన్ని ఆపదు. నిండు చెక్కతో చేసిన బోర్డుకు ఈ బెడద లేదు, దానికి బరువే బెడద.