హ్యాష్ సరిపోయింది, బిల్లు తప్పింది

ప్రశ్న: సార్, మాకు ఇంకో సంస్థ నుంచి వారం వారం కస్టమర్ల వివరాల ఫైలు వస్తుంది. దాంతోపాటు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్రలాంటి కోడ్) కూడా పంపుతారు. పోల్చి చూస్తే ప్రతిసారీ సరిపోతుంది. అయినా పోయిన నెల చాలామందికి బిల్లులు తప్పుగా వెళ్లాయి. వాళ్లనడిగితే "హ్యాష్ సరిపోయిందిగా, మా తప్పేం లేదు" అంటున్నారు. మా మేనేజర్ గారేమో బ్లాక్‌చైన్ (ఒకసారి రాశాక ఎవరూ మార్చలేని ఉమ్మడి లెక్కల పుస్తకం) పెడదామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: బ్లాక్‌చైన్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టమనండి. తప్పుడు లెక్కను ఎవరూ చెరపలేని చోట రాసుకున్నా అది తప్పుడు లెక్కే.

హ్యాష్ తీసినప్పుడు ఫైలు ఎలా ఉందో మీ చేతికి వచ్చేసరికీ అలాగే ఉంది, హ్యాష్ సరిపోతే తెలిసేది ఇంతే. కవరు సీలు ఊడలేదు కాబట్టి లోపలి ఉత్తరంలో ఉన్నదంతా నిజమే అనుకోలేం కదా. పైగా ఫైలూ హ్యాషూ ఒకే మెయిల్లో వస్తుంటే ఆ భరోసా కూడా లేదు. మధ్యలో ఫైలు మార్చగలిగినవాడికి కొత్త హ్యాష్ తీసి పెట్టడం ఎంతసేపు? డిజిటల్ సంతకం అడగండి. వాళ్ల దగ్గరే రహస్యంగా ఉండే ప్రైవేట్ కీతో సంతకం పెడతారు, దానికి జోడీగా అందరికీ ఇచ్చే పబ్లిక్ కీతో మీరు సరిచూసుకుంటారు. ఆ పబ్లిక్ కీ వాళ్లదేనా అన్నది మాత్రం మెయిల్ చూసి నమ్మకండి, మీకు ముందునుంచీ తెలిసిన నంబరుకు ఫోన్ చేసి కనుక్కోండి.

ఇదంతా చేసినా మీ బిల్లుల గొడవ తీరకపోవచ్చు. ఆ ఫైలు దారిలో చెడిందని నాకనిపించడం లేదు. బయల్దేరకముందో, చేరాకో చెడి ఉంటుంది. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల పట్టికను) ఎవరో ఒకరు 'ఊరికే చూద్దామని' ఎక్సెల్‌లో తెరుస్తారు, పోతూ పోతూ సేవ్ కొడతారు. 00417 కాస్తా 417 అవుతుంది. ఎక్సెల్ 15 అంకెలకు మించి నిలుపుకోదు కాబట్టి 16 అంకెల ఖాతా నంబరులో చివరిది సున్నా అయిపోతుంది. 03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్నది ఆ కంప్యూటర్ సెట్టింగు ఇష్టం. ఆ తర్వాత హ్యాష్ తీస్తే భేషుగ్గా సరిపోతుంది. 'సెప్ట్2' లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే వేగలేక, మనుషుల జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో ఆ పేర్లనే మార్చుకుంది!

అదే ఏడాది ఇంగ్లండులో కరోనా పరీక్షల ఫలితాలను ల్యాబులు సరిగ్గానే పంపాయి. అందుకున్న ప్రభుత్వ ఆరోగ్య సంస్థ వాటిని పాత ఎక్సెల్ రకం ఫైళ్లలోకి ఎక్కించింది. అందులో షీటుకు 65,536 వరసలే పడతాయి. దాదాపు 16,000 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలో చేరకుండా పోయాయి. ఎన్ని వరసలు వచ్చాయి, ఎన్ని ఎక్కాయి అని చూసుకుంటే దొరికిపోయే తప్పది.

కాబట్టి ప్రతి ఫైలుతో మూడు అంకెలు అడగండి: మొత్తం వరసలు, డబ్బు కాలమ్ కూడిక, ఖాతా నంబర్ల కూడిక. ఖాతా నంబర్లు కూడితే వచ్చేదానికి అర్థమేమీ ఉండదు, అయినా ఒక్క నంబరు మారినా అది పట్టిస్తుంది. ముందున్న సున్నాలు పోతే మాత్రం పట్టించలేదు, దానికి నంబరు పొడవు విడిగా చూసుకోవాలి. ఇంకో మాట, ఈ మూడూ వాళ్ల అసలు డేటాబేస్ నుంచి తీసి ఇవ్వాలి. పంపే ఫైలును చూసే కూడి ఇస్తే మనకు ఒరిగేదేం లేదు.

ప్రతి కాలమ్‌కీ అర్థం రాయించుకోండి. 'మొత్తం' అంటే పన్ను కలిపా, కలపకుండానా? డేటాబేస్ నుంచి ఎప్పుడు తీశారు, తర్వాత ఎవరైనా చేత్తో సరిచేశారా అన్నదీ అందులోనే ఉండాలి. లెక్క తేడా వస్తే ఫైలు మొత్తం తిప్పి పంపే హక్కు మీకుందని ఒప్పందంలో రాసుకోండి. లేకపోతే ప్రతిసారీ ఇదే వాదన.

ముందు ఈ వారమే చేయాల్సింది ఒకటుంది. తప్పు బిల్లులు వెళ్లినవాళ్లలో పదిమందిని తీసుకుని, వాళ్ల మనిషినీ పక్కన కూర్చోబెట్టుకుని, అసలు డేటాబేస్‌లో ఏముంది, ఫైల్లో ఏముంది, మీ సిస్టంలో ఏముంది అని మూడూ వరసగా చూడండి. ఎక్కడ మారిందో అక్కడే తెలిసిపోతుంది. ఆ తప్పు మీ వైపే తేలొచ్చు, మేనేజర్ గారికి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మేం ఫైలును పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌గా పంపి, పాస్‌వర్డ్ రెండో మెయిల్లో పంపుతున్నాం. చాలా?

జవాబు: చాలదు. మొదటి మెయిల్ చూడగలిగినవాడు రెండోదీ చూస్తాడు. పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పండి. జిప్‌లో పాత ఎన్‌క్రిప్షన్ (ఫైలుకు తాళం వేసే పద్ధతి) కాకుండా, అంతకంటే గట్టిదైన ఏఈఎస్-256 ఎంచుకోండి. పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా అలాంటి జిప్ తయారు చేయగలరు కాబట్టి, పంపింది మీరేనని తెలియడానికి డిజిటల్ సంతకం విడిగా పెట్టాల్సిందే.